ముప్పై రెండు గేట్లు, ఒక బకెట్

ఉదయం ఏడుంబావుకి మేస్త్రి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఏడూ ఇరవైకి చచ్చిపోయాడు.

కుడి చెవి మెత్తలో సూది. సూది మొనలో ఆవగింజంత విషం. తల కీబోర్డు మీద వాలిపోయింది. గడ్డం ఏదో మీట మీద ఆనడంతో స్క్రీన్‌లో అతని బొమ్మ మాత్రం ఒక రాతి గోడకేసి నడుస్తూనే ఉంది. పోలీసులు వచ్చి తల ఎత్తేదాకా అది ఆగలేదు.

మేస్త్రి ఇటుకలు పేర్చే మేస్త్రి కాదు. 'దిమ్మెలోకం' అని ఒక కంప్యూటర్ ఆట ఉంది. అందులో రాయి, మట్టి, చెక్క, నీరు అన్నీ దిమ్మెలే. తవ్వుకోవచ్చు, పేర్చుకోవచ్చు, మేడలు కట్టుకోవచ్చు. గెలుపు లేదు, ఓటమి లేదు, పని చేసినందుకు జీతమూ లేదు. ఉన్న ఆట చాలనివాళ్లు దానికి సొంతంగా చేర్పులు రాసుకుని తగిలించుకుంటారు. వాటిని మాడ్లంటారు. మేస్త్రి రాసిన మాడ్ పేరు 'నిజనీరు'. ఆటలో నీళ్లు మామూలుగా బద్ధకంగా పారతాయి. నిజనీరు తగిలిస్తే వాటికి బరువు, వేగం, కోపం అన్నీ వస్తాయి. మూడు లక్షల మంది తగిలించుకున్నారు.

ఎనిమిదింటికి ఈ కథంతా చీఫ్ గదిలో నిలబడి విన్నవాడు ఏజెంట్ బొంగరం. డిపార్ట్‌మెంటులో కోడ్ పేర్లు చీటీలు తీసి ఇస్తారని చెబుతారు. పులి, డేగ లాంటి చీటీలు ఎప్పుడూ పైవాళ్ల బంధువులకే రావడం, తనకి బొంగరం రావడం కేవలం యాదృచ్ఛికమని పద్దెనిమిదేళ్లుగా అతన్ని నమ్మిస్తున్నారు. అతను నమ్మలేదు. అతను ఎవరినీ నమ్మడు. లోకంలో సగంమంది మూర్ఖులని, మిగతా సగం తన ఆఫీసులో పనిచేస్తున్నారని అతని అభిప్రాయం.

"ఇది ఏడో రేవు ముఠా పని," అన్నాడు చీఫ్.

"ఎలా తెలిసింది సార్?"

"చచ్చినవాడే రాశాడు."

బల్ల మీద మూడు పేజీల ఉత్తరం. పదకొండు రోజుల కిందట వచ్చింది. పైన ఎర్రసిరాతో ఎవరో 'పిచ్చి' అని రాసి, గుండ్రంగా సున్నా చుట్టారు.

బొంగరం చదివాడు. చక్కటి దస్తూరి. ఒక్క మాట ఎక్కువ లేదు. సంగతి ఇదీ: మేస్త్రి మాడ్‌ను విదేశీ ముఠా దొంగచాటుగా తిరగరాసింది. ఎగువన ఉన్న పెద్ద ఆనకట్ట కంట్రోల్ రూములో ఒక మహానుభావుడు, గేట్లు నడిపే కంప్యూటర్లోనే, పొద్దుపోక ఆట పెట్టుకున్నాడు. ఆ మాడ్ కూడా తగిలించుకున్నాడు. ఆటలో ఎక్కడో ముఠావాళ్లు ఒక గడియారం కట్టారు. అది పన్నెండో తేదీ పదకొండు గంటలకి నిండుతుంది. నిండగానే ఆటలోంచి సంకేతం బయటికొచ్చి ముప్పై రెండు గేట్లూ ఒకేసారి ఎత్తేస్తుంది. ఆట సర్వర్ ఆపినా, కంట్రోల్ రూములో కంప్యూటర్ ఆపబోయినా, మాడ్ దాన్నే సంకేతం అనుకుని గేట్లు ఎత్తుతుంది. గడియారాన్ని లోపలినుంచే ఆపాలి. అది ఎక్కడుందో మేస్త్రికి తెలియదు.

"ఈరోజు తేదీ ఎంత సార్?"

"పన్నెండు."

"కింద నదిలో?"

"వంతెన స్తంభాలకి రిపేరు. మూడొందల పదిమంది పనివాళ్లు. అందరూ ఇసుకలోనే ఉన్నారు. ఎక్కడానికి రెండే నిచ్చెనలు."

"పైకి రప్పించండి. గేట్లకి చేత్తో గొళ్లాలు వేయించండి."

"నీటి శాఖకి ఫోన్ చేశానయ్యా. రాతపూర్వకంగా పంపమన్నారు. గొళ్లాలకి వేరే కాగితం, మనుషులకి వేరే కాగితం."

"మన సైబర్ వింగ్ ఏం చేస్తోంది?"

చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "మన కంప్యూటర్లలో ఆటలు బ్లాక్ చేసింది వాళ్లే. తియ్యాలంటే కమిటీ కూర్చోవాలి. అందుకే నువ్వు పగడం దగ్గరికి వెళ్తున్నావు."

పగడం అంటే దిమ్మెలోకంలో గాజుమేడలు కట్టి చూపిస్తూ నాలుగు లక్షల మందిని రోజూ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టే అందగత్తె. ఆరు నెలల కిందట ఏడో రేవు ఆమెను కొనుక్కుంది. ఐదు నెలల కిందట డిపార్ట్‌మెంటు కూడా కొనుక్కుంది. ఇద్దరిలో ఎవరి సరుకో ఆమెకే తెలియాలి.

తొమ్మిదింటికి బొంగరం ఏసీ మెకానిక్ వేషంలో, నీలం చొక్కాతో, సంచితో ఆమె ఫ్లాట్ గంట నొక్కాడు. ముక్కుమీద డిపార్ట్‌మెంటు కొత్తగా ఇచ్చిన కళ్లజోడు. అందులో కెమెరా ఉంది. చెమట పడితే బొమ్మ మసకబారుతుంది, కనుక ఏజెంట్లు కంగారు పడరాదని వాడకం పుస్తకంలో రాశారు.

"చల్లదనం చాలట్లేదా మేడమ్?"

"చల్లదనం సరే, చప్పుడే ఎక్కువ."

కోడ్ సరిపోయింది. ఆమె పక్కకి తప్పుకుంది. పగడపు రంగు గౌను, పగడపు రంగు గోళ్లు, పగడపు రంగు కుర్చీ. కెమెరాకి కనబడే రెండు గజాల గోడ స్వర్గంలా ఉంది. కనబడని మిగతా గదిలో ఖాళీ డబ్బాలు, విడిచిన బట్టలు, నెలల దుమ్ము. బొంగరం రెండో భాగాన్నే ఎక్కువసేపు చూశాడు. మనుషుల్ని అతను అంచనా కట్టేది అక్కడే.

ఆమె మైకు కట్టేసింది. స్క్రీన్ మీద తన గాజుమేడ నేలమాళిగలోకి దిగింది. గోడ పొడుగునా ఎర్రతీగ, దీపాలు, టకటకమని ఆడే మీటలు.

"ఇదే గడియారం. నా మేడ కిందే కట్టించారు దుర్మార్గులు," అంది, కళ్లు తడిచేసుకుని. "తీగ తెంపితే ఆగిపోతుంది. కానీ ఇప్పుడే తెంపితే వాళ్లకి తెలిసిపోతుంది. పదకొండుకి నిమిషం ముందు నేనే తెంపుతా. మీరు నిశ్చింతగా వెళ్లి టీ తాగండి."

"అంత తేలికా?"

"ఆటే కదా ఏజెంట్ గారూ."

ఆమె అబద్ధం చెబుతోందని బొంగరానికి అనిపించింది. కానీ అబద్ధం ఎక్కడుందో పట్టుకోలేకపోయాడు. ఎర్రతీగకీ పురికొసకీ తేడా తెలియని మనిషికి ఎలా తెలుస్తుంది? తను అసహ్యించుకునే విషయంలో తనకేమీ తెలియకపోవడం అతనికి ఇంకా అసహ్యంగా ఉంది.

ఈ ఆట క్షుణ్ణంగా తెలిసిన మనిషి అతనికి ప్రపంచంలో ఒక్కరే తెలుసు. ఆ ఒక్కరితో అతను నాలుగేళ్లుగా సూటిగా మాట్లాడలేదు.

అత్తగారు.

పదింటికి ఇంట్లోకి అడుగుపెట్టాడు. భార్య ఆస్పత్రి డ్యూటీలో ఉంది. హాల్లో కిటికీ పక్కన డెబ్బై ఒక్కేళ్ల అత్తగారు కంప్యూటర్ ముందు కూర్చుని కాలువ తవ్వుతోంది. ఒకప్పుడు నీటిపారుదల ఆఫీసులో డ్రాయింగులు గీసిన మనిషి. ముప్పై ఏళ్లు కాగితం మీద గీసినవాటిలో రెండో మూడో కట్టారట. రిటైరయ్యాక మిగిలినవన్నీ దిమ్మెలోకంలో తనే కట్టుకుంటోంది. ఆటలో అందరూ కాలువమ్మ అంటారు. చిన్నపిల్లల బొమ్మలాటని బొంగరం భార్యతో అనేవాడు, అత్తగారికి వినబడేంత గట్టిగా.

"అత్తయ్యగారూ, మీతో పని పడింది."

ఆమె తల తిప్పలేదు. "అమ్మాయి ఆరింటికి వస్తుంది అల్లుడుగారూ. అప్పుడు దానితో చెప్పండి, అది నాతో చెబుతుంది."

"ఆరుదాకా ఆగే సంగతి కాదు. నేను బీమా సర్వేయర్ని కాదు. నేను..."

"తెలుసు. బీమా సర్వేయర్‌కి చంకలో తుపాకీ ఎందుకుంటుంది? విషయం చెప్పండి."

చెప్పాడు. మేస్త్రి పేరు వినగానే ఆమె చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"చంపేశారా?"

"పొద్దున్నే."

"నా కాలువలు చూడటానికి వచ్చేవాడు," అంది. "వాలు ఎంత పెట్టాలో నన్నడిగి ఆ నీళ్లు సరిచేసుకున్నాడు. ముఖం చూళ్లేదు ఎప్పుడూ. అమ్మా అనేవాడు." కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "పదకొండు రోజుల కిందటే ఉత్తరం రాశాడన్నారు. మీ ఆఫీసులో ఎవరికీ చదువు రాదా?"

మొదటిసారి ఆఫీసు తరఫున బొంగరానికి సిగ్గేసింది. తన కళ్లజోడు కెమెరా తీసిన బొమ్మను ఆమె స్క్రీన్ మీదికెక్కించాడు. గాజుమేడ నేలమాళిగ కనబడింది. ఆమె పావునిమిషం చూసింది.

"ఇది పనిచెయ్యదు."

"అదేంటి, మీటలు ఆడుతున్నాయిగా?"

"ఎర్రతీగలో ఊపు పన్నెండు గడులే పోతుంది అల్లుడుగారూ. ఆ తర్వాత చచ్చిపోతుంది. మధ్యలో దాన్ని మళ్లీ ఎగదోసే దిమ్మె పెట్టాలి. ఇక్కడ లెక్కపెట్టండి. ఇరవై గడులు, ఎగదోపు లేదు. చూపించుకోవడానికి కట్టిన బొమ్మ ఇది. ఆ పిల్ల మిమ్మల్ని టీ తాగి రమ్మన్నదా? తాగి ఉంటే పన్నెండింటికి మూడొందల శవాలు లెక్కపెట్టుకునేవారు."

బొంగరం ఫోన్ తీసి పగడం ఇంటికి పోలీసుల్ని పంపమన్నాడు. నీటి శాఖ సంగతీ తెలిసింది. కాగితాలు ఇప్పుడే చేరాయి. గొళ్లాలు మొదలుపెడతారు. ముప్పై రెండు పూర్తికావాలంటే పదకొండూ ఐదవుతుంది. అన్నీ పడేదాకా ఒక్కటి లేచినా నదిలో మనుషులు మిగలరు.

"అసలు గడియారం ఎక్కడుంటుంది?"

"ఈ ఆట పిసినారిది," అంది అత్తగారు, వేళ్లు ఆడిస్తూనే. "ఆటగాడు దగ్గర లేని చోటుని నిద్రపుచ్చేస్తుంది. అక్కడ యంత్రం ఆడదు, నీరు పారదు, చేను పెరగదు."

"అయితే గడియారం పక్కన ఎవడో ఒకడు రాత్రింబవళ్లు నిలబడి ఉండాలి."

ఆమె మొదటిసారి తల తిప్పి అతన్ని చూసింది. "మీకు బుర్ర ఉందే! అమ్మాయి ఎప్పుడూ చెప్పలేదు."

ఆటగాళ్ల పట్టీ తెరిచింది. ఒక పేరు పందొమ్మిది రోజులుగా బయటికి పోకుండా ఉంది: బండరాయి. ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క దిమ్మె కదపలేదు. ఎక్కడో ఒక కంప్యూటర్లో ఎవరూ లేకుండా తెరిచిపెట్టిన డొల్ల మనిషి. మరి వాడున్న చోటు? ఆమె రెక్కలు తగిలించుకుని ఉత్తరపు అడవుల మీద ఎగిరింది. భార్య ల్యాప్‌టాప్‌లో బొంగరం కూడా కొత్త ఆటగాడిగా చేరి వెనకాలే ఎగిరాడు. నాలుగుసార్లు చెట్లకి గుద్దుకున్నాడు.

పదీ యాభైకి కింద ఒక పాత గోధుమ చేను కనబడింది. ఎవడో ఎప్పుడో విత్తి వదిలేశాడు. సగం చేను అప్పుడే మొలిచినట్టు పచ్చగా ఉంది. మిగతా సగం బంగారంలా పండింది. మధ్యన స్కేలు పెట్టి కొట్టినట్టు గీత.

"చూశారా? గీతకి ఇవతల మనిషున్నాడు."

పండిన వైపున ఒక కొండ. కొండ కడుపులో గుహ. గుహ నోరు నిట్టనిలువు లోయ మీదికి తెరుచుకుని ఉంది. లోపల గాజు గోడ వెనక వరసగా దీపాలు, నిమిషానికొకటి వెలుగుతోంది. ఇంకా ఏడు మిగిలాయి. గాజుకి ఇవతల, గుహ నట్టనడుమ, రాతిముఖం పెట్టుకుని బండరాయి.

"గాజు పగలగొట్టి తీగ తెంపనా?"

"చెయ్యి తియ్యండి! తీగ తెగినా ఊపు బయటికి పోయేలా కట్టారు." ఆమె గొంతులో గౌరవం వినబడింది. "వెధవే గానీ పనితనం ఉంది వీడికి. దీన్ని ఆపడం కాదు, నిద్రపుచ్చాలి. అంటే ఈ చుట్టుపక్కల ప్రాణి ఉండకూడదు. ఆ డొల్లగాణ్ని లోయలోకి పడేస్తే చాలు. చచ్చినవాడు మళ్లీ లేవాలంటే ఎవరో మీట నొక్కాలి. వాడి దగ్గర ఎవరూ లేరుగా."

"చంపేద్దాం. కత్తి ఇవ్వండి."

"వాడికి పైనుంచి కిందిదాకా కవచం తొడిగారు. కత్తితో కొడుతూ కూర్చుంటే మధ్యాహ్నం అవుతుంది. పైగా కత్తిస్తే మిమ్మల్ని మీరే పొడుచుకుంటారు. బకెట్ పట్టుకోండి." నీళ్ల బకెట్ ఒకటి అతని బొమ్మ ముందు పడింది. "ఈ ఆటలో ఒక్క బకెట్ వంపితే ఊట ఆగదు. మామూలు నీళ్లయితే మనిషిని మెల్లగా నెడతాయి. మేస్త్రి నీళ్లు ఈడ్చుకుపోతాయి. వెనక గోడ దగ్గరికి వెళ్లి..."

ఆమె మాట పూర్తికాలేదు. స్క్రీన్ మీద బాణం మెరిసింది.

"చచ్చాను," అంది అత్తగారు ప్రశాంతంగా. ఆమె బొమ్మ ఎక్కడో దూరాన, తన కాలువ గట్టు మీది గుడిసెలో లేచింది. తిరిగి రావాలంటే పది నిమిషాలు.

గుహ నోట్లో పగడపు రంగు కవచంతో ఒక బొమ్మ నిలబడి ఉంది. ల్యాప్‌టాప్‌లోంచి తీయటి గొంతు వచ్చింది.

"ఏజెంట్ గారూ! ఏసీ బాగుచెయ్యడం ఎలాగూ రాదు. ఆట కూడా రాదన్నమాట."

"నువ్వు ఏడో రేవు మనిషివన్నమాట."

"ఎవరు ఎక్కువ మెచ్చుకుంటే వాళ్ల మనిషిని. మీవాళ్లు ఒక్కసారి కూడా నా మేడ బావుందని అనలేదు."

"అక్కడ నదిలో మూడొందల పదిమంది ఉన్నారు."

"నన్ను నాలుగు లక్షల మంది చూస్తారు," అందామె. మాట్లాడుతూనే విల్లు ఎక్కుపెట్టి, బండరాయికి అడ్డంగా వచ్చి నిలబడింది. బొంగరం వెనక్కి వెనక్కి నడిచాడు. వెనక గోడ తగిలింది. దీపాలు ఇంకా మూడు.

"ఇప్పుడు!" అత్తగారు అతని భుజం మీద చరిచింది. "వంపండి!"

నొక్కాడు. అతని బొమ్మ బకెట్‌ను పగడం ముఖం మీదికి విసురుగా ఊపింది. చుక్క నీరు పడలేదు. పగడం పకపకా నవ్వింది.

"కుడి మీట అల్లుడుగారూ, కుడి! అన్నం తినే చెయ్యి!"

కుడి మీట నొక్కాడు. బకెట్‌లోంచి నీరు దూకింది. అది ఆట నీరులా లేదు. కొండవాగులా గుహంతా నిండి, నురగలు కక్కుతూ, బండరాయిని రాయిలాగే దొర్లించింది. పగడం వదిలిన బాణం పైకప్పుకి గుచ్చుకుంది. "అదేంటి, ఇన్ని నీళ్లు..." అని గొంతు వినబడుతుండగానే ఇద్దరూ గుహ అంచు దాటారు. తెర మూల రెండు వరసలు వచ్చాయి. బండరాయి ఎత్తు నుంచి పడి చచ్చాడు. పగడం ఎత్తు నుంచి పడి చచ్చింది.

బొంగరం ఊపిరి పీల్చుకున్నాడు. టక్కుమని ఇంకో దీపం వెలిగింది.

"ఇంకా ఆడుతోందేం?"

"మీరున్నారుగా అక్కడ! ప్రాణి ఉండకూడదన్నానా?" అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడింది. "చావండి అల్లుడుగారూ! తొందరగా చావండి!"

ఆ మాట ఆమె ఎన్నాళ్లుగా దాచుకుందో ఆ గొంతులో తెలిసిపోయింది. బొంగరం ముందుకి పరిగెత్తే మీట బలంగా నొక్కాడు. నొక్కింది పక్క మీట. అతని బొమ్మ గోడ మూలకి అతుక్కుని అక్కడే కాళ్లాడించింది. నీరు లాగుతోంది, అతను గోడని నెడుతున్నాడు. ఒక్క దీపం మిగిలింది. అతనికి ఎప్పుడూ చూడని ఆ రెండు నిచ్చెనలూ, వాటి కింద వరసలో నిలబడ్డ మనుషులూ కళ్లముందు కనబడ్డారు.

"చేతులు తీసెయ్యండి!" అంది అత్తగారు. "ఏమీ చెయ్యకండి. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం మీ ఆఫీసులో నేర్పుతారుగా!"

రెండు చేతులూ పైకెత్తాడు. నీరు అతని బొమ్మను మూలలోంచి ఊడబెరికి, గుహ నోటిదాకా ఈడ్చి, లోయలోకి విసిరేసింది. ఆకాశం, రాయి, ఆకాశం, రాయి. తర్వాత ఎర్రటి తెర మీద పెద్ద అక్షరాలు: మీరు చచ్చిపోయారు.

గోడ గడియారం పదకొండు కొట్టింది.

ఇద్దరూ ఫోన్ వంక చూస్తూ కూర్చున్నారు. పదకొండూ ఒకటి. రెండు. లిఫ్టు పనిచెయ్యక ఎనిమిది అంతస్తులు ఎక్కిన పోలీసులు, రొప్పుతూ పగడం తలుపు బద్దలుకొట్టింది ఆ నిమిషంలోనే. ఆమె మళ్లీ లేచే మీట నొక్కి, గాజుమేడలోంచి కొండవైపు ఎగురుతోంది. కంగారులో మైకు గానీ, కెమెరా గానీ కట్టెయ్యలేదు. నాలుగు లక్షల మంది చూస్తుండగా చేతులకి బేడీలు పడ్డాయి. అందులో ఎక్కువమంది అది కూడా కొత్త మాడ్ అనుకుని చప్పట్ల బొమ్మలు పంపారు.

పదకొండూ ఆరుకి ఫోన్ మోగింది. ముప్పై రెండో గొళ్లెం పడింది. ఒక్క గేటూ లేవలేదు. నదిలోంచి ఆఖరి పనివాడు పైకి వచ్చేసరికి పదకొండున్నర. ఎందుకు ఎక్కమన్నారో చెప్పలేదని, సగం రోజు పని పోయిందని వాళ్లు తిట్టుకున్నారట. బొంగరానికి ఆ తిట్లు వినసొంపుగా ఉన్నాయి.

అత్తగారు మళ్లీ కాలువ దగ్గరికి వెళ్లిపోయింది. ఈసారి తవ్వడం లేదు. గట్టు మీద రాతి దిమ్మెలు పేర్చి చిన్న పలక నిలబెడుతోంది. బొంగరం వెనక నిలబడి చూశాడు. పలక మీద ఒకే మాట చెక్కింది: మేస్త్రి.

"అసలు పేరు కనుక్కుని చెప్పనా అత్తయ్యగారూ?"

"వద్దు నాయనా," అందామె. "నాకు తెలిసింది ఈ పేరే."

సాయంత్రం ఆఫీసులో చీఫ్ రిపోర్టు చదివి ముఖం చిట్లించాడు.

"ఇది మంత్రిగారి దాకా వెళ్తుందయ్యా. 'బకెట్' అని రాస్తే ఏం బావుంటుంది? 'హైడ్రాలిక్ కౌంటర్‌మెజర్' అని మార్చు. 'అత్తగారు' తీసేసి 'ఎక్స్‌టర్నల్ కన్సల్టెంట్' అను. 'చావండి అల్లుడుగారూ' అన్నచోట 'ఏజెంట్‌కి స్ట్రాటజిక్ విత్‌డ్రాయల్ సూచించబడినది' అని పెట్టు."

బొంగరం అన్నీ మార్చి సంతకం పెట్టాడు. రిపోర్టు మహా గంభీరంగా తయారైంది. ఏం జరిగిందో ఇక శత్రువులకే కాదు, మనవాళ్లకీ ఎప్పటికీ అర్థం కాదు.